గట్టు అవతలి మాట

2017 డిసెంబరు 31, రాత్రి పన్నెండు దాటింది. మందిరంలో హ్యాపీ న్యూ ఇయర్ కేకలు సద్దుమణిగాక, కుర్రాళ్ళు స్టీలు పళ్ళాలు పట్టుకుని వరసల మధ్యకి వచ్చారు. పళ్ళెం నిండా బోర్లించిన వాగ్దానం కార్డులు. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. అందులో ఏ వాక్యం ఉంటే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నాకొచ్చింది లూకా 5:4. "నీవు దోనెను లోతునకు నడిపించి, చేపలు పట్టుటకు మీ వలలు వేయుడి." పక్కన చిన్న పడవ బొమ్మ.

నాకు ఒళ్ళు జలదరించింది. ఆ నెలంతా నా బుర్రలో తిరుగుతున్నది ఒకటే. మా చేలకి దగ్గర్లో రెండెకరాల రొయ్యల చెరువు లీజుకి ఇస్తామంటున్నారు, తీసుకోవాలా వద్దా? మా ఆవిడ కువైట్ నుంచి పంపిన డబ్బు బ్యాంకులో ఉంది. సరిగ్గా ఆ సమయానికి దేవుడు వలలు వెయ్యమన్నాడు. ఇంతకంటే సూటిగా ఎవరు చెబుతారు?

తర్వాతెప్పుడో తెలిసింది, మిషను కుట్టుకుని బతికే ఒకమ్మాయి నా వెనకే కూర్చుంది, ఆమెకీ అదే కార్డు వచ్చిందట. ఒకే ప్రెస్సులో అచ్చయిన కార్డులు, ఒక్కో వాక్యానివి చాలా ఉంటాయి మరి. ఆ అమ్మాయి మాత్రం చెరువు తీసుకోలేదు.

నర్సాపురం, పాలకొల్లు, భీమవరం, ఇటు కోనసీమ, ఎక్కడికి వెళ్ళినా విశ్వాసుల నోట వినపడే మాట ఒకటుంది: "దేవుడు నాతో మాట్లాడాడు." కలలో మాట్లాడాడని ఒకరు, ఉపవాస ప్రార్థనలో మాట్లాడాడని ఒకరు, బైబిలు తెరవగానే కళ్ళు పడిన వచనంలో మాట్లాడాడని ఇంకొకరు. ఈ మధ్య పొద్దున్నే వాట్సాప్‌లో కూడా మాట్లాడుతున్నాడు. వెక్కిరించడానికి అనడం లేదు. ఆయన మాట్లాడతాడని నేనూ నమ్ముతాను, ఇప్పటికీ. హెబ్రీ పత్రిక మొదటి వాక్యమే చెబుతుంది, ఆయన "నానాసమయములలోను నానావిధములుగాను" మాట్లాడాడని. నా పేచీ అంతా మనం పోల్చుకునే పద్ధతితో. మాట ఏ దారిన వచ్చిందో చూసి అది ఎవరిదో తేల్చేస్తున్నాం. కలా? అయితే దేవుడే. ఆత్మ పూనినట్టు తెలియని భాషల్లో మాట్లాడే దైవజనుడు చెప్పాడా? అయితే దేవుడే. భార్య చెప్పిందా? పక్క చేను రైతు చెప్పాడా? అది వట్టి మాట.

నేను చెయ్యగలిగిన తప్పులన్నీ ఆ లెక్క పట్టుకునే చేశాను.

శుక్రవారం మా ఆవిడకి పని తక్కువ. ఆ రోజు ఫోన్ చేసేది. కార్డు సంగతి చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బావా, ఆ మాట ఆయన చేపలు పట్టుకునేవాళ్ళకి చెప్పాడు. చేపలు పెంచేవాళ్ళకి కాదు" అంది. నేను నవ్వాను. "పేతురు రాత్రంతా కష్టపడి ఏమీ దొరక్క వలలు కడుక్కుంటున్నాడు. నువ్వు ఇంకా నీళ్ళలో కాలే పెట్టలేదు కదా" అని కూడా అంది. అప్పుడు కోపం వచ్చింది. దేవుడు ద్వారం తెరిస్తే నువ్వు అవిశ్వాసంతో మూస్తున్నావన్నాను. అది ఆమె నాలుగేళ్ళ చాకిరీ డబ్బు. ఆ ముక్క నాకు అప్పుడు గుర్తు లేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నాన్నగారి వైపు వాళ్ళు డెల్టా మిషను వాళ్ళు. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు దొరలు భార్యలతో సహా ఈ దేశం వచ్చి నర్సాపురం, పాలకొల్లుల్లో పని మొదలుపెట్టారు. వాళ్ళ వెనక నిలిచిన సంఘాలే గోదావరి డెల్టా మిషను. ఆ సంఘాల్లో ఆదివారం రొట్టె విరిచే ఆరాధన చూస్తే కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికి ఆత్మ ప్రేరేపిస్తే ఆయన లేచి ప్రార్థన చేస్తాడు, లేదా పాట నంబరు చెబుతాడు. చిన్నప్పుడు నాకు ఆ మౌనం భయంగానూ, బాగానూ ఉండేది. ఫ్యాను చప్పుడు, బయట కాలువలో బట్టలుతికే చప్పుడు వినపడేవి. దేవుడి మాట కోసం నోరు మూసుకుని కూర్చోవచ్చని నాకు నేర్పింది ఆ గదే. అదే గది ఇంకోటి కూడా నేర్పింది. అక్కడ లేచేది మగవాళ్ళే. ఆడవాళ్ళు ముసుగేసుకుని చివరిదాకా వినేవాళ్ళు. ఇరవై ఏళ్ళు అలా కూర్చున్నవాడికి, ఆడమనిషి గొంతులో దేవుడి మాట వస్తే చెవికి ఆనుతుందా? పెళ్ళయ్యాక నేను వేరే మందిరానికి మారాను, కానీ చెవులు మారలేదు.

పిలాతు కథ మనకందరికీ తెలుసు. యేసుకి తీర్పు చెప్పడానికి న్యాయపీఠం మీద కూర్చుని ఉండగా భార్య కబురు పంపింది: "నీవు ఆ నీతిమంతుని జోలికి పోవద్దు." రాత్రి కలలో ఆయన గురించి చాలా బాధపడ్డానంది. కల వచ్చింది, హెచ్చరిక వచ్చింది, తప్పించుకోవడానికి టైము కూడా ఉంది. మనం గొప్పగా చెప్పుకునే దారిలోనే వచ్చిన మాట అది. వచ్చింది మాత్రం భార్యకి. పునరుత్థానం వార్త మొదట తెచ్చింది కూడా స్త్రీలే. అపొస్తలులకి అవి "వెఱ్ఱిమాటలు"గా కనపడ్డాయని లూకా ఏమీ దాచకుండా రాశాడు. పన్నెండేళ్ళుగా ఈస్టరు తెల్లవారుజామున ఆ వాక్యం చదువుతూనే ఉన్నాను.

సరే, చెరువు. ఫిబ్రవరి మొదట్లో వనామీ సీడ్, అంటే ఆ రకం రొయ్యపిల్లల్ని, వదిలాను. రాత్రుళ్ళు ఇంకా చలిగా ఉంది, పది రోజులు ఆగమని సీడ్ తెచ్చిన కుర్రాడే అన్నాడు. దేవుడు ఇచ్చిన వాగ్దానానికి చలేమిటి అనుకున్నాను. బోరులో ఉప్పునీళ్ళే కదా, మోటారు వేసి నింపాను. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు మూడు తిరుగుతుంటే రాత్రి ఆ నురగ తెల్లగా మెరిసేది. చెక్ ట్రే పైకి లాగితే, మేత అంతా తినేసి గాజుముక్కల్లా ఎగిరే పిల్లలు. ఎంత ముద్దొచ్చేవో!

గట్టు అవతల దాళ్వా చేను, అంటే రెండో పంట వరి. రెండెకరాలు కౌలుకి చేస్తున్న పెద్దాయన, నాకు వరసకేం కాదు గానీ బాబాయ్ అంటాను. ఆయన క్రైస్తవుడు కాడు. ధవళేశ్వరం వెళ్తే కాటన్ దొర విగ్రహం ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకునే మనిషి. మార్చిలో ఒకరోజు చేతిలో రెండు వరి దుబ్బులు వేళ్ళతో సహా పట్టుకుని వచ్చాడు. ఆకుల కొసలు కాల్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

"ఉప్పు దిగుతోందబ్బాయ్. గట్టు పొడుగునా ఊట బోదె తవ్వించు. ఆ ఉప్పునీళ్ళు బోదెలో పడి డ్రెయిన్‌లోకి పోతాయి."

బోదె తవ్వాలంటే జేసీబీ కావాలి, చెరువు గట్టు కొంత వెనక్కి జరపాలి. ఖర్చు. నేనేమన్నానో తెలుసా? "ప్రార్థన చేస్తాను బాబాయ్" అన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నా మొహం వంక ఒకసారి చూసి ఆ రెండు దుబ్బులూ గట్టు మీదే పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఉపవాస కూటంలో, చెరువు ఆశీర్వాదం కోసం అందరూ చేతులెత్తి ప్రార్థించారు. ఒక దైవజనుడు నా తల మీద చెయ్యి పెట్టి, "శత్రువు నోరు మూయించుచున్నాను అని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నాడు. నేను బాబాయ్ మొహమే తలుచుకుని ఆమేన్ అన్నాను.

నలభై ఎనిమిదో రోజు తెల్లవారుజామున గట్టు మీద కాకులు. ఒకటీ రెండూ కాదు, వరసగా. టార్చి వేసి చూస్తే రొయ్యలు ఒడ్డు వెంబడి నీరసంగా తేలుతున్నాయి. ఒకటి పట్టుకుని తల డొప్ప ఒలిచి వెలుతురుకి పెట్టాను. ముగ్గుపిండి చల్లినట్టు తెల్ల చుక్కలు. వైట్ స్పాట్. ఈ జబ్బు మన కోస్తాకి 1990ల మధ్యలోనే వచ్చింది, టైగర్ రొయ్య వేసిన వాళ్ళని ఎందరినో ముంచింది, ఇప్పుడు నా వంతు. హడావుడిగా వల లాగించి పట్టుబడి చేస్తే, చిన్న సైజు, కూలీలకీ డీజిలుకీ సరిపోయింది. వలలు అయితే వేశాం, వాక్యం అక్షరాలా నెరవేరింది.

మందిరంలో ఓదార్పుగా ఏమన్నారంటే, ఇది యోబు పరీక్ష, నీతిమంతుడికి వచ్చే కష్టం అన్నారు. చాన్నాళ్ళు నేనూ అదే అనుకున్నాను. యోబు గ్రంథం మళ్ళీ మళ్ళీ చదివాను. అందులో 33వ అధ్యాయంలో, యోబుతో వాదించే ఎలీహు మాట ఒకటి దొరికింది: "దేవుడు ఒక్కమారే పలుకును రెండు మారులు పలుకును అయితే మనుష్యులు అది కనిపెట్టరు." అక్కడ ఆగిపోయాను. మన బైబిల్లో కనిపెట్టడం అంటే ఎదురుచూడడం కూడా. "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అని 27వ కీర్తన. మా అమ్మమ్మ మాటల్లో అయితే కాపలా కాయడం: "చంటిదాన్ని కనిపెట్టుకుని ఉండు, నేను నీళ్ళు తెచ్చుకుంటా" అనేది. గ్రహించడం, ఎదురుచూడడం, కాపు కాయడం, మూడింటికీ ఒకటే మాట ఉన్న భాష మనది. నేను ఎదురుచూశాను గానీ గ్రహించలేదు. కాపు అసలే కాయలేదు. పక్కవాడి చేనుని కనిపెట్టుకుని ఉండాల్సినవాణ్ణి నేనే కదా.

అమ్మమ్మ బైబిలు మిషను మనిషి. కడియం వైపు. దాని వ్యవస్థాపకుడు ముంగమూరి దేవదాసు అయ్యగారిది ఆ దగ్గర్లోని జేగురుపాడే. 1938లో రాజమండ్రిలో ఆయనకి గాలిలో బైబిలు మిషను అనే అక్షరాలు కనపడ్డాయని ఆ సంఘం వాళ్ళు చెప్పుకుంటారు. "దేవా, నాకు కనబడుము, నాతో మాటలాడుము" అని అమ్మమ్మ పొద్దున్నే నాలుగింటికి సన్నిధిలో కూర్చునేది. ఆ ప్రార్థన అక్కడితో అయిపోదు. "అందరికి కనబడుము, అందరితో మాటలాడుము" అని ఉంటుంది. నేను చిన్నప్పుడు రెండో సగాన్ని ఏదో రాగం కోసం పెట్టారనుకునేవాణ్ణి. అందరితో అంటే గట్టు అవతలి మనిషితో కూడా. ఆయనతో ముందు మాట్లాడి, ఆయన చేత నాకు కబురు పంపి ఉండవచ్చు కూడా. గాలిలో అక్షరాల సంగతి నమ్మాలో లేదో ఎవరిష్టం వాళ్ళది. నేను గమనించేది ఒక్కటే: ఆ మాట విన్నందుకు అయ్యగారు లూథరన్ సంఘంలో తనకున్న చోటు వదులుకున్నాడు.

దేవుడి మాటని పోల్చుకోవడానికి ఇదొక గుర్తు అని నా వాదన. దేవుడి మాట సాధారణంగా వినేవాడి జేబులో చెయ్యి పెడుతుంది. బాల సమూయేలు కథలో మనం ఎప్పుడూ పిల్లవాడి గురించే చెబుతాం. మూడుసార్లు దేవుడి పిలుపు, మూడుసార్లూ ముసలి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగు. దేవుడి గొంతు ఏలీ గొంతులాగే ఉందన్నమాట, పక్కగదిలోని ముసలాయన గొంతులాగా. ఆకాశం చీలినట్టు ఉంటే పిల్లాడు అటు పరుగెత్తేవాడు కాదు. కథలో నన్ను పట్టుకున్నది ఏలీ. ఎలా వినాలో నేర్పినవాడూ ఆయనే, ఆ వచ్చిన మాట ఆయన ఇంటి మీద తీర్పు. తెల్లారాక, దాచకుండా చెప్పు అని పిల్లాణ్ణి బతిమాలి విన్నాడు. విని, సెలవిచ్చినవాడు యెహోవా అన్నాడు. కొడుకుల్ని అదుపు చెయ్యలేకపోయిన మనిషే, అయినా తనకి నష్టమైన మాటని పోల్చుకున్నాడు. నేను పోల్చుకోలేకపోయింది అదే.

వాగ్దానం కార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువగా తిరిగేది యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశాలే గానీ హానికరమైనవి కావు అనేది. మా ఇంట్లో క్యాలెండరు మీద కూడా ఉంది. దానికి పైన ఉన్న పదో వచనం ఏ కార్డు మీదా నేను చూడలేదు: బబులోనులో డెబ్బై ఏళ్ళు నిండాక. అది బబులోను చెరలో ఉన్నవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం. అంటే దాన్ని అందుకున్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది అక్కడే పోతారు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందు రెండేళ్ళలో అంతా తిరిగొస్తుందన్నాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా కూడా మొదట అలాగే జరగాలని అన్నాడు, తర్వాత, బబులోనుకి లొంగమనే గుర్తుగా తాను మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా విరిచేస్తే మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. దేవుడి జవాబు తర్వాత వచ్చింది. అంత ప్రవక్తకీ అక్కడికక్కడ "ప్రభువు సెలవిస్తున్నాడు" అనడానికి నోరు రాలేదు. 32వ అధ్యాయంలో అయితే, బంధువు హనమేలు వచ్చి పొలం కొనమంటాడని ముందే వాక్కు వచ్చింది. అతను నిజంగా వచ్చి అడిగాకే, అది యెహోవా వాక్కు అని తెలుసుకున్నానని రాసుకున్నాడు. మనవాళ్ళకి మైకు చేతిలోకి వస్తే చాలు.

దీనికి ఎదురు వాదన ఉంది, మా మందిరంలోనే ఒక తమ్ముడు అడిగాడు. "అయితే అన్నయ్యా, చేదుగా ఉన్నదల్లా దేవుడి మాటేనా? మనసులో వచ్చే ప్రతి గిల్టూ దేవుడేనా?" మంచి ప్రశ్న, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 1996 నవంబరు 6 తుఫాను నాకు బాగా గుర్తు. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకి, తల దువ్వినట్టు పడిపోయాయి. కోనసీమలో మా చుట్టాల ఇంట చావు. వారం తిరక్కుండానే బయటి ఊరి నుంచి వచ్చిన బోధకుడు ఒకాయన, ఇది ఈ నేల పాపానికి దేవుడు పలికిన మాట అని బోధ చేశాడు. చేదు మాటే. కానీ చెప్పినవాడికి దాని వల్ల ఏమీ పోలేదు, విన్నవాళ్ళు మాత్రం శవాలు తీసిన చేతులతో తలలు వంచుకున్నారు. మా ప్రార్థన పాక కప్పు కూడా లేచిపోయిందని ఆయనకి ఎవరూ గుర్తు చెయ్యలేదు. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్త ముందు బండలు పగిలే గాలి వీచింది, ఆ గాలిలో యెహోవా లేడని స్పష్టంగా రాసి ఉంది. తర్వాత భూకంపం, మెరుపు. వాటిలోనూ లేడు. ఆ తర్వాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము." కాబట్టి చేదు ఒక్కటే గుర్తు కాదు. ఎవరి నోటి నుంచి వచ్చి ఎవరి మీద పడిందో కూడా చూడాలి. నా మాట నన్నే కోస్తే కొంచెం నమ్ముతాను. నా మాట ఎదుటివాణ్ణి కోసి నాకు లాభం తెస్తే అసలు నమ్మను.

బైబిలు తెరిస్తే వచ్చిన వచనం వట్టిదని కూడా నేననను. 386లో మిలాను నగరంలో, తర్వాత పేరుమోసిన క్రైస్తవ గురువైన అగస్టీను ఒక తోటలో ఏడుస్తుంటే, దగ్గరి ఇంట్లోంచి చిన్నపిల్లల గొంతు "తీసి చదువు" అన్నట్టు వినపడింది. తెరిచి చూస్తే రోమా 13వ అధ్యాయం. అతను మనలాగే తెరిచాడు. అయితే ఆ వచనం అతను అప్పటిదాకా పట్టుకు వేలాడుతున్న బతుకునే వదిలెయ్యమంది. నా కార్డు నేను ముందే చేద్దామనుకున్నది చెయ్యమంది. తేడా అక్కడే ఉంది. ఇంకో సంగతి, అతనికీ మాట పొరుగింట్లోంచే వచ్చింది.

మోషేకి మామ యిత్రో చెప్పిన సలహా గుర్తుందా? పొద్దున్నుంచి సాయంత్రందాకా నువ్వొక్కడివే తీర్పులు చెబితే నలిగిపోతావు, పని పంచు అన్నాడు. యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాడు. దేవుడితో ముఖాముఖి మాట్లాడే మోషే దానికి నిర్ధారణ కోసం ఉపవాసం ఉండలేదు. మంచి మాట అని విని చేసేశాడు. ఇంత సులువా అనిపిస్తుంది.

2018 ఆఖర్లో మా ఆవిడ వచ్చేసింది. డబ్బు పోయిన సంగతి ముందే తెలుసు, దాని గురించి పెద్దగా అనలేదు. ఊట బోదె సంగతి మాత్రం నేను చెప్పలేదు, ఊళ్ళో ఎవరో చెప్పారు. ఆ రాత్రి అన్నం పెట్టి, బైబిలు తెచ్చి నిర్గమకాండము 22 తీసి నా ముందు పెట్టింది. ఒకడి పశువు వేరేవాడి చేను మేస్తే తన చేలోని మంచిదాంట్లోంచి ఇచ్చుకోవాలని అక్కడుంది. "మన పశువు ఉప్పు, బావా" అంది. 1852 నుంచి ఆనకట్ట నీళ్ళు తాగుతున్న నేల అది. దాని పక్కన బోరు వేసి నేను ఉప్పు పోశాను.

బాబాయ్‌కి ఆ దాళ్వాలో పోయిన గింజలు లెక్క కట్టాం. పంట పోయినా పొలం ఆసామికి కౌలు కట్టాల్సి వచ్చి ఆయన అప్పు చేశాడని అప్పుడే తెలిసింది. అదీ కలిపాం. ఒకేసారి ఇవ్వలేకపోయాం, రెండు విడతలుగా ఇచ్చాం. మొదటి విడత తీసుకునేటప్పుడు ఆయన ఏమీ అనలేదు, లెక్కపెట్టుకుని కండువాలో కట్టుకున్నాడు. చెరువు లీజు వదిలేశాం. నీళ్ళు తీసేసి, గట్టు పొడుగునా ఆ బోదె ఇప్పుడు తవ్వించాం.

జూన్‌లో కాలువలు వదిలాక ఆయన చేనులో నిండుగా నీళ్ళు పెట్టాం. మూడు రోజులు నిలవుంచి డ్రెయిన్‌లోకి తీసేశాం. మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసేశాం. ఆ మర్నాడు పొద్దున్న బాబాయ్ గట్టు వార మడిలో వంగి చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఉమ్మేశాడు.

"తగ్గింది గానీ ఇంకా ఉందబ్బాయ్."

నేను తూము తియ్యడానికి కాలువ వైపు నడిచాను.